అడవిమల్లె

సూరత్ నగరానికి ఆగ్నేయంగా సాగిపోతే తాపీ మైదానం వెనుకబడి డాంగ్స్ కొండలు ఎదురవుతాయి. టేకు ఆకు రాల్చే వేసవి తొలిదినాలలో, ఆ అడవుల పొదలమీద అల్లుకొని తెల్లగా పూచే తీగ ఒకటి కలదు. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. సన్నని పొడవాటి గొట్టం చివర రేకులు చుక్కవలె విచ్చుకుంటాయి. మరాఠీవారు దీనిని కుసర్ అంటారు. శాస్త్రనామం జాస్మినం మలబారికం. తెలుగువారి కంటికి ఇది అడవిమల్లె.

చిక్కంతా ఈ పేరుతోనే. దక్షిణాది పొదలలో పెరిగే సన్నాకుల తీగ కూడ అడవిమల్లెయే. మగ్గాల పనికై తెలంగాణ నుండి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు అక్కడి అంగడిలో మల్లెను మోగ్రా అని, జాజిని చమేలీ అని అడగవలసి వస్తుంది. (జాజికాయ జాజితీగకు కాయదు, అది వేరే చెట్టు.) సిగలో తురుముకొనే పువ్వుకు పేరు మారినా నష్టం లేదు. మందుకు మాత్రం ఏ తీగ, అందులో ఏ భాగం అన్నది తేలి తీరాలి.

జాజిలో పనికివచ్చేది ఆకు. నోటి పూతకు నమలుతారు, పుండ్లకు వాడే జాత్యాది తైలంలో కలుపుతారు. మల్లెలో పువ్వు. బాలింత రొమ్ములకు కడితే పాలు ఇంకిపోతాయన్న నమ్మకాన్ని వెల్లూరు వైద్యులు పరీక్షించి, నిజమేనని 1988లో ప్రకటించారు. సన్నాకుల అడవిమల్లెలో వేరు. చేదైన ఆ వేరును వసతో, నిమ్మరసంతో నూరి తామరకు పట్టించేవారని వైట్‌లా ఏన్‌స్లీ 1826లోనే వ్రాశాడు.

ఇక కుసర్. డైమాక్, మరి ఇద్దరు 1890-93 మధ్య వెలువరించిన ఔషధ గ్రంథంలో ఆ పేరున కనిపించేది డాంగ్స్ తీగకు జ్ఞాతి. గొంతులో కఫం అడ్డుపడినపుడు దాని ఆకురసాన్ని మిరియాలు, వెల్లుల్లితో కలిపి త్రాగించి వాంతి చేయించేవారు. పెద్దలకు ఏడాకుల రసం. పసివారికి అరాకు మాత్రమే, అదీ అవిసె ఆకు, మిరియం, వెలిగారంతో తేనెలో రంగరించి. ఆ అరాకు లెక్కలోనే పూర్వుల జంకు తెలుస్తున్నది. ఊపిరందక ఎగపోస్తున్న బిడ్డకు వాంతి చేయిస్తే అది శ్వాసనాళంలోకే దిగవచ్చు. అట్టి బిడ్డకు కావలసింది ఆసుపత్రి; ఏ అడవిమల్లె ఆకూ కాదు, అరాకైనా సరే.