బోదె మనమే తవ్వుకోవాలి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర పుణ్యమా అని గోదావరి నీళ్లు కాలువల్లోకి వచ్చాయి. కాని కాలువ నీరు చేలోకి రావాలంటే బోదె తవ్వుకోవలసింది రైతే. ఏది మెరకో, ఏది పల్లమో అతనికే తెలుసు. కంప్యూటర్ విషయంలోనూ ఇదే వరస అని విద్యార్థి మిత్రులకు మనవి చేస్తున్నాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట. అది లేని యంత్రాల గతేమిటి? నిక్షేపంలా పనిచేస్తున్నవాటిని, ఎక్కడో ఎవరో గడువు పెట్టారు గనక పాతసామాన్ల కొట్టుకి తూకానికి అమ్మెయ్యాలా?

అక్కర్లేదు. లినక్స్ ఉంది. 1991లో దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అప్పుడు హెల్సింకీలో విద్యార్థి. 1993లో డెబియన్‌ను ప్రారంభించిన ఇయాన్ మర్డాక్ కూడా విద్యార్థే! ఆ డెబియన్ పెద్ద కాలువ వంటిది. దాన్నించి మన బోదె మనం తీసుకోవచ్చు.

పని బ్రహ్మవిద్యేమీ కాదు. యంత్రంలో 64 బిట్ ప్రాసెసర్ ఉంటే చాలు. పెన్‌డ్రైవ్ నుంచి డెబియన్ మూలభాగం మాత్రమే ఎక్కించాలి. డెస్క్‌టాప్ ఎంపికలన్నీ వదిలెయ్యాలి. తర్వాత ఆప్ట్ ఆదేశంతో కావలసినవి ఒక్కొక్కటే తెచ్చుకోవాలి: తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, పోతన, వేమన వంటి తెలుగు ఫాంట్లు, తెలుగు టైపుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. అక్కర్లేనిది ఒక్కటీ ఉండదు గనక 4 జీబీ మెమరీ ఉన్న పాత యంత్రమైనా హాయిగా నడుస్తుంది. ఎక్కించినవాటి జాబితా ఒక ఫైలులో రాసిపెట్టుకుంటే, పదో యంత్రానికీ అదే జాబితా ఇచ్చెయ్యొచ్చు.

ఇది మనవాళ్లు చెయ్యని పనేం కాదు. 2005లో హైదరాబాదులో మొదలైన ‘స్వేచ్ఛ’ వారు డెబియన్ పునాది మీదే తెలుగు మెనూలతో సిస్టమ్ తయారుచేశారు. కేంద్రప్రభుత్వ సంస్థ సీడాక్ వారి ‘బాస్’ కూడా డెబియన్ మీద కట్టిందే. కేరళ బడుల్లో ఉబుంటుని తమ పాఠాలకు అనుగుణంగా మార్చుకుని వాడుతున్నారు. మరి మనకేం లోటు?

“ఉద్యోగాల్లో విండోస్ అడుగుతారు కదా” అని కొందరంటారు. నిజమే. కొన్ని లెక్కల ప్రోగ్రాములు, డ్రాయింగు ప్రోగ్రాములు లినక్స్ మీద నడవవు. వాటికోసం రెండు మూడు యంత్రాలు వేరే ఉంచుకుందాం. అయితే ఇంటర్నెట్ సర్వర్లలో అధికభాగం నడిచేది లినక్స్ మీదనే అన్న సంగతి కూడా మరువరాదు. అది నేర్చినవాడికి ఉద్యోగం దొరకదనడం అర్థంలేని మాట.

చాలామంది దీన్ని ‘ఉచితం’ అంటారు. ఉచితం అన్నది చిన్న లాభం. మూత తీసి చూసి, మార్చి, పక్కవాడికి పంచే హక్కు ఉండడం అసలు లాభం. ఇన్నేళ్లూ మనకి కంప్యూటర్ వాడడమే నేర్పారు గాని కట్టడం నేర్పలేదు. సిద్ధాన్నం తిని లేచిపోవడం చదువనిపించుకోదు.

కాబట్టి విద్యార్థి సంఘానికి ఒక్క విన్నపం. మూలపడ్డ పది యంత్రాలూ, ఒక గదీ, శనివారం సాయంత్రాలూ ఇప్పించండి. సీనియర్లు ఎక్కించడం, జూనియర్లు చేత్తో పట్టుకు నేర్చుకోవడం! వచ్చే ఏడాది ఈ సంచికను ఆ యంత్రాల మీదే తెలుగులో కూర్చుదాం. కాలువ గట్టుదాకా నీరు వచ్చే ఉంది. పారలు పట్టవలసింది మనమే.