కారు గుండె మారుతోంది... పెనుకొండకు దక్కేదెంత?

పెనుకొండ: ఎర్రమంచి వద్దనున్న కియా కర్మాగారంలో తయారైన క్యారెన్స్ క్లావిస్ ఈవీ 2025 జూలై 15న విపణిలోకి వచ్చింది. ఆ సంస్థ భారతదేశంలో తయారుచేసిన తొలి విద్యుత్ కారు ఇదే. అంతకుముందు ఇక్కడ విక్రయించిన ఈవీ6, ఈవీ9 కార్లు విదేశంలో పూర్తిగా తయారై ఓడల్లో వచ్చినవి. చూపులకు ఈ కొత్త వాహనానికీ, అదే పేరుతో ముందే వచ్చిన పెట్రోలు, డీజిల్ బండ్లకూ పెద్ద తేడా కనిపించదు. లోపల మాత్రం ఇంజిన్ లేదు, క్లచ్ లేదు, పొగగొట్టం లేదు. వాటి స్థానంలో నేల కింద పరచిన బ్యాటరీ, చక్రాలను తిప్పే మోటారు ఉన్నాయి. కరవు సీమకు బతుకుదెరువు చూపుతుందని నమ్ముకున్న పరిశ్రమలో వస్తున్న ఈ మార్పు మున్ముందు ఎవరికి పని కల్పిస్తుంది, ఎవరి చేతిలో పని తీసేస్తుంది అన్నది శ్రీసత్యసాయి జిల్లాకు అతి ముఖ్యమైన ప్రశ్న.

దేశంలో అత్యల్ప వర్షపాతం నమోదయ్యే ప్రాంతాల్లో ఉమ్మడి అనంతపురం ఒకటి. వేరుశనగ చేతికందని ఏడాది బెంగళూరు బాట పట్టడం ఇక్కడి కుటుంబాలకు తరాలుగా అలవాటైన వ్యవహారం. అటువంటి చోటుకు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కార్ల కర్మాగారం వస్తుందని 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరినప్పుడు నమ్మినవారికంటే సందేహించినవారే ఎక్కువ. 536 ఎకరాల స్థలం, హంద్రీ-నీవా ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరిన కృష్ణా జలాలు, పక్కనే బెంగళూరు జాతీయ రహదారి... ఇవన్నీ కలిసొచ్చి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటకు వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యమున్న ఈ కర్మాగారం 2023 జూలై నాటికే పది లక్షల మైలురాయిని దాటింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయినా, బయటి రాష్ట్రాల వారికి ఇది నేటికీ 'అనంతపురం కియా'యే.

అమ్మకాల నడక

విద్యుత్ కార్ల గురించి వినవచ్చే హడావుడికీ, వాస్తవంగా రోడ్డెక్కుతున్న బండ్లకూ మధ్య ఇప్పటికీ చాలా దూరముంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశీయ విపణిలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలు సుమారు 43 లక్షలు. అందులో విద్యుత్ వాహనాలు లక్ష పైచిలుకు మాత్రమే. అంటే నూటికి రెండున్నర. 2025 ద్వితీయార్ధంలో కొన్ని నెలల్లో ఆ వాటా అయిదు శాతం దరిదాపులకు చేరింది. 2030 నాటికి ముప్పై శాతమన్న జాతీయ లక్ష్యం ముందు ఇది చిన్న అంకె.

మూడు చక్రాల బండ్ల సంగతి వేరు. ఈ-రిక్షాలతో కలిపి చూస్తే 2024-25లో కొత్తగా వచ్చిన మూడు చక్రాల వాహనాల్లో సగానికి పైగా విద్యుత్‌వే. ద్విచక్ర వాహనాల్లో ఆరు శాతం. రోజంతా తిరిగి రాత్రికి ఇల్లు చేరే బండికి, ఇంధన ఖర్చును ప్రతి సాయంత్రం లెక్కచూసుకునే యజమానికి ఈ మార్పులోని లాభం వెంటనే అర్థమైంది. సొంత కారు కొనేవారి లెక్క అంత తేలికైనది కాదు.

ఆ లెక్కే ఒకసారి వేసి చూద్దాం. క్లావిస్ ఈవీలో పెద్ద బ్యాటరీ సామర్థ్యం 51.4 యూనిట్లు. చార్జింగ్‌లో జరిగే నష్టంతో కలిపి నిండా ఎక్కించడానికి 56 యూనిట్లు కావాలనుకుందాం. గృహ వినియోగంలో అత్యధిక శ్లాబు ధర, అంటే యూనిట్‌కు రూ.9.75 చొప్పున వేసుకున్నా రూ.550 మించదు. సంస్థ చెప్పే 490 కిలోమీటర్లు ప్రయోగశాల లెక్క. ఏసీ వేసుకుని రహదారిపై వెళితే 350 అనుకోవడం భద్రం. కిలోమీటరుకు రూపాయిన్నర పైన పడుతుంది. 2025లో రాష్ట్రంలో పెట్రోలు ధర లీటరు సుమారు రూ.109. లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే కారుకు కిలోమీటరు ఖర్చు దాదాపు ఎనిమిది రూపాయలు. తేడా ఆరు రూపాయలకు పైమాటే. ఒకే స్థాయి సదుపాయాలున్న రెండు బండ్ల మధ్య అయిదు లక్షల అంతరముందనుకుంటే, అది పూడడానికి 80 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు వంద కిలోమీటర్లు తిప్పే ట్యాక్సీ యజమానికి అది రెండేళ్లకు కొంచెం ఎక్కువ. రోజుకు నలభై తిరిగే ఉద్యోగికి అయిదున్నరేళ్లు. అప్పు చేసి కొంటే వడ్డీ అదనం. ధర్మవరం చీరల వ్యాపారికి, హిందూపురం లెక్చరర్‌కు ఒకే సలహా చెప్పలేకపోవడానికి కారణమిదే.

దీనికి తోడు 2025 సెప్టెంబర్ 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పులు సమీకరణాన్ని కొంత తిరగరాశాయి. నాలుగు మీటర్లలోపు చిన్న కార్లపై పన్ను 28 శాతం, దానిపై సెస్సు ఉండగా 18 శాతానికి తగ్గింది. విద్యుత్ కార్లపై 2019 ఆగస్టు నుంచి ఉన్న అయిదు శాతం అలాగే ఉంది. చిన్న పెట్రోలు కారుతో పోల్చితే విద్యుత్ కారుకు 24 శాతం మేర ఉన్న పన్ను సానుకూలత 13 శాతానికి పడిపోయిందన్న మాట. పెనుకొండలో తయారయ్యే సోనెట్, సైరోస్ ఈ తగ్గింపు పరిధిలోకి వచ్చాయి. సెల్టోస్, క్యారెన్స్ వంటి పెద్ద బండ్లు 40 శాతం శ్రేణిలో ఉన్నాయి. ఒక చేత్తో విద్యుత్ వాహనాలను ప్రోత్సహిస్తూ, రెండో చేత్తో పెట్రోలు బండ్లను చౌక చేయడం విధానపరంగా పొంతన లేని పనే. సామాన్య కొనుగోలుదారుకు మేలు జరిగిందన్నది కూడా అంతే నిజం.

ఇంత తక్కువ వాటా ఉన్నా కంపెనీలు ఈ కార్ల వెంట ఎందుకు పడుతున్నాయన్న సందేహం సహజం. ప్రతి సంస్థా తాను అమ్మిన కార్లన్నింటి సగటు కర్బన ఉద్గారాన్ని నిర్ణీత పరిమితిలో ఉంచాలన్న నిబంధన దేశంలో ఉంది. కేఫ్ ప్రమాణాలని పిలిచే ఈ నిబంధనల్లో ఒక్కో విద్యుత్ కారును మూడు కార్లుగా లెక్కిస్తారు. మరింత కఠినమైన మూడో దశను 2027 ఏప్రిల్ నుంచి తేవాలని 2025 సెప్టెంబర్‌లో కేంద్రం ముసాయిదా వెలువరించింది. పెద్ద ఎస్‌యూవీలు అమ్ముకోవాలంటే వాటికి తోడుగా కొన్ని విద్యుత్ బండ్లను విక్రయించక తప్పదు. కాబట్టి గిరాకీ ఉన్నా లేకున్నా ఎర్రమంచి అసెంబ్లీ లైన్‌పై విద్యుత్ కారు కొనసాగుతుంది.

విలువ ఎక్కడ పుడుతోంది?

అసలు చర్చ జరగాల్సింది ఇక్కడ. చార్జింగ్ కేంద్రాల గురించి మాట్లాడినంతగా విడిభాగాల గురించి ఎవరూ మాట్లాడడం లేదు. కార్ల కర్మాగారం వల్ల ఒక ప్రాంతానికి ఒనగూరే ఉపాధిలో సింహభాగం ప్రధాన కర్మాగారంలో ఉండదు. చుట్టూ వెలిసే అనుబంధ పరిశ్రమల్లో ఉంటుంది. మోబిస్, సంగ్‌వూ హైటెక్, హ్యుందాయ్ స్టీల్ వంటి కొరియా సంస్థలు కియా వెంటే ఇక్కడికి వచ్చాయి. బాడీకి రేకు, సీట్లు, బంపర్లు, వైరింగ్... ఇవి ఏ కారుకైనా కావాలి. విద్యుత్ కారు వచ్చినంత మాత్రాన ఈ పనులకు ముప్పు లేదు. వైరింగ్ పని పెరిగే అవకాశమే ఉంది.

ఇబ్బంది ఇంజిన్, గేరుబాక్సు, ఇంధన సరఫరా, పొగ నియంత్రణ భాగాల దగ్గర మొదలవుతుంది. విద్యుత్ కారుకు ఇవేవీ అక్కర్లేదు. వాటికి బదులుగా వచ్చే బ్యాటరీ కారు విలువలో సుమారు మూడో వంతు. మన దేశంలో బ్యాటరీ ప్యాకులను కూర్చుతున్నారే తప్ప, లోపలి సెల్స్‌లో అత్యధికం చైనా, కొరియాల నుంచి వస్తున్నవే. సెల్స్ దేశంలోనే తయారవ్వాలని 2021 మేలో రూ.18,100 కోట్లతో కేంద్రం ప్రోత్సాహక పథకం ప్రకటించింది. ఎంపికైన సంస్థలు అనుకున్న గడువులోగా ఉత్పత్తి మొదలుపెట్టలేకపోయాయి. హ్యుందాయ్, కియా సంస్థలు దేశీయ సెల్స్ కోసం 2024 ఏప్రిల్‌లో ఎక్సైడ్ ఎనర్జీతో అవగాహనకు వచ్చాయి. ఆ కర్మాగారం బెంగళూరు వద్ద ఉంది. పెనుకొండకు పెద్ద దూరమేమీ కాదు. కానీ రాష్ట్రం దాటి.

రాయలసీమకే చెందిన అమరరాజా ఉదంతం ఇంకా ఆలోచింపజేస్తుంది. తిరుపతి సమీపంలోని కరకంబాడి నుంచి సీసపు బ్యాటరీలతో దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకున్న ఈ సంస్థ, లిథియం బ్యాటరీల భారీ కర్మాగారానికి ఎంచుకున్నది తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిని. పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడి ప్రణాళికతో 2022 డిసెంబర్‌లో ఒప్పందం జరిగింది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పాలమూరు కూడా వలసల జిల్లాయే కనుక అక్కడ పరిశ్రమ రావడాన్ని ఆక్షేపించవలసిన పని లేదు. కార్లు తయారుచేసే జిల్లా తమకుండగా బ్యాటరీ ఎందుకు రాలేదని మన పాలకులు, పార్టీలకతీతంగా, తమను తాము ప్రశ్నించుకోవాలి.

మోటారులోని అయస్కాంతాలది మరో కథ. వీటికి అవసరమైన అరుదైన మృత్తిక లోహాల శుద్ధి చైనా గుప్పిట్లో ఉంది. 2025 ఏప్రిల్ 4న ఆ దేశం ఎగుమతులపై లైసెన్సు ఆంక్షలు విధించగానే ప్రపంచవ్యాప్తంగా కార్ల సంస్థలు ఉలిక్కిపడ్డాయి. అదే ఏడాది నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.7,280 కోట్లతో, ఏటా ఆరు వేల టన్నుల సామర్థ్యం లక్ష్యంగా అయస్కాంతాల తయారీ పథకాన్ని ఆమోదించింది. ఈ లోహాలకు మూలమైన మోనజైట్ నిల్వలు దేశంలో అత్యధికంగా గుర్తించింది ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలోనే. విశాఖలో ఐఆర్ఈఎల్ నెలకొల్పిన అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి మూడు వేల కిలోలు. పైగా అది సమేరియం-కోబాల్ట్ రకం. రక్షణ, అణు, అంతరిక్ష అవసరాలకు ఉద్దేశించింది. కార్ల మోటార్లకు వాడే నియోడిమియం రకం వేరు. ముడిసరుకు మన ఒడ్డున ఉన్నా, అయస్కాంతం కోసం ఓడ వైపు చూడక తప్పడం లేదు.

కలిసివచ్చిన వ్యవధి

ప్రపంచ విపణిలో పరిణామాలు ఒకే దిశలో సాగడం లేదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా కోటీ 70 లక్షలకు పైగా విద్యుత్ కార్లు అమ్ముడయ్యాయి. చైనాలో కొత్త కార్లలో దాదాపు సగం అవే. అమెరికా మాత్రం కొనుగోలుదారులకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీని 2025 సెప్టెంబర్ 30తో నిలిపివేసింది. 2035 తరువాత పెట్రోలు, డీజిల్ కార్లే ఉండరాదన్న నిబంధనను సడలించాలని యూరప్ కమిషన్ ఆ డిసెంబర్‌లో ప్రతిపాదించింది. కియా మాతృసంస్థ సైతం 2030 నాటి తన విద్యుత్ కార్ల లక్ష్యాన్ని 16 లక్షల నుంచి సుమారు 12.6 లక్షలకు కుదించుకుని, హైబ్రిడ్లపై దృష్టి పెంచింది. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఉంటుంది, మోటారూ ఉంటుంది. ఇంజిన్ భాగాలు తయారుచేసే వారికి ఇది కొన్నేళ్ల ఊపిరి.

ఈ వ్యవధిలో జిల్లా చేయగలిగినవి లేకపోలేదు. ఎన్‌పీ కుంటలో 2016 నుంచి సౌర విద్యుత్తు ఉత్పత్తి అవుతోంది. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పగలు తొమ్మిది నుంచి నాలుగు వరకు చార్జింగ్ కేంద్రాలకు సగటు సరఫరా వ్యయంలో 70 శాతానికే కరెంటు ఇవ్వాలి, మిగతా వేళల్లో 130 శాతం వసూలు చేయవచ్చు. ఎండ పుష్కలంగా ఉన్న సీమలో కార్యాలయాలు, కళాశాలలు, కర్మాగారాల పార్కింగ్ స్థలాల్లో పగటిపూట చార్జింగ్ ఏర్పాట్లు చేస్తే ఆ తేడా వినియోగదారుకే మిగులుతుంది. 2025 ఆగస్టు నాటికి దేశం మొత్తం మీద ఉన్న ప్రజా చార్జింగ్ కేంద్రాలు 29 వేల పైచిలుకే. అనంతపురం నుంచి హైదరాబాద్‌కు 360 కిలోమీటర్లు. దారిలో ఒక్కసారైనా ఆగక తప్పని ప్రయాణమది. ఆగిన చోట యంత్రం పనిచేస్తుందో లేదోనన్న బెంగ ఉన్నంతకాలం సొంత కారు కొనేవారు వెనుకాడుతూనే ఉంటారు.

మరోవైపు కదిరి, హిందూపురం, అనంతపురం రోడ్ల పక్కన వందలాది చిన్న గ్యారేజీలు ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ మార్చడం, క్లచ్ ప్లేట్లు వేయడం, నాజిళ్లు శుభ్రం చేయడం వీటికి ప్రధాన ఆదాయం. విద్యుత్ కారులో ఇవేమీ ఉండవు. టైర్లు, సస్పెన్షన్, బ్రేకులు, ఏసీ మిగులుతాయి. వందల వోల్టుల కరెంటు ప్రవహించే నారింజ రంగు కేబుళ్లను శిక్షణ, రక్షణ తొడుగులు లేకుండా ముట్టుకోవడం ప్రాణాంతకం. అనుభవం ఎంత ఉన్నా చూసి నేర్చుకునే విద్య కాదిది. విద్యుత్ వాహనాల మెకానిక్ పేరిట ఐటీఐల్లో రెండేళ్ల కోర్సును కేంద్ర శిక్షణ విభాగం ఇప్పటికే ప్రవేశపెట్టింది. పదో తరగతి తప్పి పదిహేనేళ్లుగా పానా పట్టిన మెకానిక్ రెండేళ్లు దుకాణం మూసుకుని తరగతిలో కూర్చోలేడు. సాయంత్రం వేళల్లో రెండు మూడు నెలల స్వల్పకాలిక శిక్షణ, నిజమైన బండి విప్పి చూపించే వర్క్‌షాపు, ఇన్సులేషన్ పనిముట్లకు రుణం... ఈ మూడూ సమకూర్చడం పెద్ద ఖర్చు కాదు. కర్మాగారానికి స్థలం, నీరు సమకూర్చడంలో 2017లో రాష్ట్ర ప్రభుత్వం చూపిన చొరవలో కొంత ఈ గ్యారేజీల వైపు మళ్లినా, కొత్త బండ్లు మరమ్మతుకు రావడం మొదలయ్యే నాటికి అందుకోవడానికి ఇక్కడే చేతులుంటాయి. ప్రస్తుతం వారంటీ గడువులో ఉన్న విద్యుత్ కార్లన్నీ కంపెనీ షోరూముల గడపే తొక్కుతున్నాయి.