మూడో కుర్చీ ఖాళీగా ఉంటే నష్టం మనకే

సర్కారు, యజమాని, కార్మికుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. ఇది ఈనాటి మాట కాదు. ఐఎల్‌ఓ అని మనం పిలిచే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టిందే ఈ పద్ధతి మీద. దాని మహాసభకు ప్రతి దేశం నలుగురిని పంపుతుంది: ఇద్దరు ప్రభుత్వం వాళ్లు, ఒకరు యజమానుల తరఫున, ఒకరు కార్మికుల తరఫున. బాగానే ఉంది. మరి గల్ఫ్‌లో ఉన్న మీ తరఫున కూర్చునేది ఎవరు?

ఖతార్ సంగతే చూడండి. 2014లో ఐఎల్‌ఓ మహాసభలో కొన్ని దేశాల కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు పెట్టారు. వలస వచ్చినవాళ్ల చేత బలవంతపు చాకిరీ చేయిస్తున్నారన్నది ఆ ఫిర్యాదు. 2017 నవంబరులో ఖతార్ ప్రభుత్వం ఐఎల్‌ఓతో కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నాకే దాన్ని ముగించారు. 2018లో దోహాలో ఐఎల్‌ఓ ఆఫీసు తెరిచారు. 2020లో కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ అక్కర్లేదని చట్టం మార్చారు. 2021 మార్చి నుంచి కనీస జీతం వచ్చింది. బేసిక్ 1,000 రియాళ్లు. కంపెనీ పెట్టకపోతే తిండికి 300, గదికి 500. ఇంట్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

ఎండ సంగతి ఇంకా మంచి ఉదాహరణ. 2007 నాటి రూల్ ప్రకారం ఎండాకాలంలో బయట పని ఆపాల్సింది పగలు 11:30 నుంచి 3 గంటల దాకానే. 2019లో సైట్ల మీద, తోటల్లో పనిచేస్తున్నవాళ్ల ఒంటి వేడిని కొలిచి ఒక అధ్యయనం చేశారు. తర్వాత 2021లో రూల్ మారింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని బంద్. కార్మికుడి కష్టాన్ని లెక్కలోకి తీసుకుంటే రూల్ ఎలా మారుతుందో చూశారా?

కార్మికుణ్ణి అడగకుండా రూల్ రాస్తే ఏమవుతుందో మన దేశమే చూపించింది. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇంత కంటే తక్కువ జీతం ఇవ్వకూడదని భారత ప్రభుత్వం ఒక లెక్క పెట్టింది. దాన్నే రిఫరల్ వేజ్ అంటారు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, దాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించేశారు. జగిత్యాల, సిరిసిల్లలో అప్పు చేసి వీసా కొన్నవాణ్ణి ఎవరూ అడగలేదు. వలస కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, నలుదిక్కులా గొడవ జరిగింది. చివరికి 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. ముందే పిలిచి అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

అందుకే నేననేది, ఈ ముగ్గురి సహకారం రేపు నిలబడుతుందా లేదా అన్నది పెద్దల ఒప్పందాల మీద కాదు, మూడో కుర్చీలో మనవాడు కూర్చుంటాడా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంది. బహ్రెయిన్, ఒమన్‌లలో వలస కార్మికులు సంఘంలో చేరొచ్చు. కువైట్‌లో సంఘాలున్నా మనకు పూర్తి హక్కు లేదు. సౌదీ, యూఏఈలలో సంఘమే లేదు. ఖతార్‌లో సంఘం పెట్టే హక్కు ఆ దేశస్థులకే.

అయినా ఖతార్‌లో ఒక చిన్న తలుపు తెరిచి ఉంది. 30 మంది, ఆ పైన ఉన్న కంపెనీలో జాయింట్ కమిటీ పెట్టుకోవచ్చు. అందులో సగం మంది కంపెనీ వాళ్లు, సగం మంది కార్మికులు ఓటేసి ఎన్నుకున్నవాళ్లు. వలస కార్మికుడు నిలబడొచ్చు, ఓటేయొచ్చు. ఇది యూనియన్ కాదు. దానికున్న బలం దీనికి లేదు. 'కంపెనీ చెప్పినట్టు తలాడించే కమిటీ' అని మీలో కొందరు అంటారు. నిజమే, ఫోర్‌మన్ చెప్పిన పేరుకే అందరూ చెయ్యెత్తితే అలాగే అవుతుంది. క్యాంపులో నీళ్లు రాని సంగతి, ఓటీ లెక్క తేడా, ఎండ రూల్ తప్పడం ధైర్యంగా చెప్పే మనిషికి ఓటేస్తే అదే కమిటీ పనికొస్తుంది.

మరి ఒంటరిగా ఒక ఇంట్లో పనిచేసే అక్కకు కమిటీ ఏది? కడప నుంచి, కోనసీమ నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎంతోమంది గల్ఫ్ ఇళ్లలో ఉన్నారు. ఖతార్‌లో 2017 చట్టం రోజుకు 10 గంటల పని, వారానికి ఒక రోజు సెలవు అంటోంది. కానీ తలుపు లోపల గంటలు లెక్కపెట్టేది ఎవరు? ఇంటిపని వాళ్ల కోసం ఐఎల్‌ఓ 2011లో 189వ ఒప్పందం చేసింది. గల్ఫ్ దేశాలూ సంతకం పెట్టలేదు, మన దేశమూ పెట్టలేదు. వాళ్ల కుర్చీ లేని బల్లను మూడు కాళ్ల బల్ల అనలేం.

ప్రపంచ కప్ 2022లో అయిపోయింది, కెమెరాలు వెళ్లిపోయాయి. వచ్చిన హక్కులు నిలవాలంటే మూడు పనులు జరగాలి. ఒకటి, కమిటీలు కంపెనీ ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేయాలి, మాట్లాడినవాణ్ణి ఇంటికి పంపకుండా రక్షణ ఇవ్వాలి. రెండు, ఢిల్లీ గల్ఫ్ దేశాలతో ఒప్పందం రాసేటప్పుడు కార్మిక సంఘాలను, ఇంటిపని వాళ్లను కూర్చోబెట్టాలి. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు అందుకు పట్టుబట్టాలి. మూడోది మన చేతిలో ఉంది.

'నాలుగు రాళ్లు సంపాదించుకోవడానికి వచ్చాం, ఈ గొడవలు మనకెందుకు' అంటారా? ఆ నాలుగు రాళ్లు ఎన్నో తేల్చేది ఆ బల్ల దగ్గరే. మీ కంపెనీలో కమిటీ ఉందో లేదో రేపే అడగండి. ఉంటే ఓటేయండి, నిలబడండి. లేకపోతే నలుగురు కలిసి మర్యాదగా రాసి అడగండి. జీతం స్లిప్పు, పని గంటల లెక్క ఫోన్‌లో దాచుకోండి. తెలిసిన ఇంట్లో పనిచేసే చెల్లెలుంటే ఆమెకు సెలవు రోజు దొరుకుతోందా అని పలకరించండి. బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా, మాట్లాడటానికి కావాల్సిన సంగతులు మీ దగ్గరే ఉన్నాయి.