హునర్ సరే, హిసాబ్ ఏదీ?

“మామూ, యే నసీబ్ నహీ, హునర్ హై” అన్నాడు మా ఆపా కొడుకు, ఫోన్ నా కళ్ల ముందు పెట్టి. 2025 రంజాన్. గోదావరిఖనిలో వాళ్లింట్లో ఇఫ్తార్ అయ్యి చాయ్ తాగుతున్నాం. ఫోన్లో లూడో. ఊరికే ఆడేది కాదు, పైసలు పెట్టి ఆడే యాప్. వాడి పేరు పక్కన బంగారు కిరీటం, కింద ‘62 శాతం విజయాలు’ అని అంకె. 50 బాజీల్లో 31 గెలిచాడట. మన రాష్ట్రంలో ఇవి బంద్ కదరా అంటే, ఫేక్ జీపీఎస్ వేసి నాగపూర్‌లో ఉన్నట్టు చూపిస్తున్నా అన్నాడు. అదీ హునర్ లెక్కలోనే వేసుకున్నట్టున్నాడు.

వాడు ఓపెన్‌కాస్టులో ఓబీ కాంట్రాక్టు కింద పనిచేస్తాడు. తెలివైన పిల్లగాడు. అందుకే ఆ 62 వాడిని ముంచింది. తెలివితక్కువోడైతే నసీబ్ అనుకుని వదిలేసేవాడు.

బక్రీద్ నాటికి అదే ఫోన్లో లెక్క చూశాను. మొత్తం 400 బాజీలు, 204 గెలుపులు. అంటే 51 శాతం. కిరీటం అట్లనే ఉంది. కానీ మధ్యలో వాడు యాభై రూపాయల టేబుల్ దిగి ఐదొందల టేబుల్ ఎక్కాడు. ఆపా చిట్టీ ఎత్తిన పైసలు ఎన్ని పోయాయో ఇక్కడ రాయను, ఆమె చదువుతుంది.

ఆ 62 శాతాన్నే ముందు విప్పి చూద్దాం. హునర్ అనేదే లేని ఆట అనుకోండి, నాణెం ఎగరేసినట్టు. వంద మంది పిల్లలు తలా 50 సార్లు ఎగరేస్తే, వాళ్లలో సుమారు ఆరుగురికి 31 గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెలుపులు వస్తాయి. ఇది నా అందాజా కాదు, కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివిన ఎవరైనా కాగితం మీద వేసి చూపిస్తారు. వెయ్యి మంది ఆడితే అరవై మంది ‘చాంపియన్లు’ తయారు. ఆ అరవై మందే చాయ్ హోటళ్లలో నోరు తెరుస్తారు, షార్ట్స్ వీడియోలు చేస్తారు. మిగతా తొమ్మిది వందల నలభై మంది ఇంట్లో చెప్పకుండా అప్పు వెతుక్కుంటుంటారు. మా భాంజా ఆ ఆరుగురిలో ఒకడు. వాడికి కిరీటం పెట్టిన యాప్‌కి ఈ సంగతి తెలియదా? దాని దుకాణమే ఈ లెక్క మీద నడుస్తోంది.

సింగరేణి ఇలాకాలో పుట్టినోళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. వ్యాగన్లోంచి ఒక్క పెళ్ల తీసి ఇదీ బొగ్గు గ్రేడు అంటే ఎవరైనా ఊరుకుంటారా? పది చోట్ల నమూనా తీయాలి, నలగ్గొట్టాలి, కలపాలి, ల్యాబ్‌కి పోవాలి. బదిలీ కార్మికుడు ఒక్క షిఫ్టు బాగా చేశాడని పర్మినెంట్ కాడు. భూగర్భంలో అయితే 190, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు అడుగుతారు. బొగ్గుకీ మజ్దూర్‌కీ ఇంత జాగ్రత్తగా కొలత పెట్టినోళ్లం, ఖిలాడీ హునర్‌కి మాత్రం యాభై బాజీల కిరీటం చాలంటామా?

అయితే మన మౌల్వీ సాబ్‌లతో కూడా నాకు పేచీ ఉంది. పాసా పడితే అంతా నసీబే, హునర్ ఏముంది అంటారు. తప్పు. మా నానీ పచ్చీసు పరిస్తే ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ ఆమెవే. గవ్వలు అందరికీ ఒకే తీరు పడేవి. కానీ ఏ గోటీ ఇంట్లో ఆపాలి, ఎదుటివాడి గోటీ ఎప్పుడు దాటిపోతుంది, దేన్ని బలి ఇవ్వాలి, ఇవన్నీ ఆమెకు తెలుసు. హునర్ ఉంది. ఎంత ఉంది, ఎన్ని ఆటలకు బయటపడుతుంది అన్నదే సవాల్.

ఈ సవాల్ మన పాతవాళ్లకు కొత్తదేం కాదు. పదో శతాబ్దపు అరబ్ చరిత్రకారుడు మసూదీ, పాసాలతో ఆడే నర్ద్‌ని తఖ్దీర్‌తో, షత్రంజ్‌ని మనిషి ఇఖ్తియార్‌తో పోల్చే మాటలు రాసిపెట్టాడు. ఆ నర్దే తర్వాత ఫరంగీల చేతిలో బ్యాక్‌గామన్ అయింది. పాసా ఆటలో హునర్‌ని నిజాయితీగా కొలవడం నేర్చింది కూడా ఆ ఆట ఆడేవాళ్లే.

1992లో ఇంటర్నెట్‌లో ‘ఫిబ్స్’ అనే బ్యాక్‌గామన్ సర్వర్ మొదలైంది. దాని రేటింగ్ సూత్రం చూస్తే మన యాప్‌ల వాళ్లు సిగ్గుపడాలి. అక్కడ ఎవరి మీద గెలిచావన్నది లెక్క. ఎంత పొడుగు మ్యాచ్ అన్నదీ లెక్కే. నాకన్నా మీ రేటింగ్ వంద పాయింట్లు ఎక్కువ అనుకోండి. ఒక్క పాయింట్ మ్యాచ్ ఆడితే మీరు గెలిచే అవకాశం 53 శాతం మాత్రమే. అదే ఇద్దరం 25 పాయింట్ల మ్యాచ్ ఆడితే 64 శాతం. మనుషులు మారలేదు, హునర్ మారలేదు, ఆట పొడుగైంది, అంతే. పొట్టి ఆటలో పాసా మాట్లాడుతుంది, పొడుగు ఆటలో ఖిలాడీ. మరి పైసల యాప్‌లు పెట్టేవన్నీ ఎట్లాంటి బాజీలు? పది నిమిషాల్లో తేలిపోయేవి.

ఇంకో కొలత కూడా ఉంది. అదే 1992లో ఐబీఎంలో టెసారో అనే ఆయన తనతో తానే ఆడి నేర్చుకునే బ్యాక్‌గామన్ ప్రోగ్రాం తయారుచేశాడు. ఆ దారిలో వచ్చిన సాఫ్ట్‌వేర్లు ఆట అయ్యాక ప్రతి ఎత్తునీ విప్పి చూపిస్తాయి. ఈ పాసాకి మంచి ఎత్తు ఇది, నువ్వు వేసింది అది, పోగొట్టుకున్నది ఇంత అని. పాసా ఎంత కలిసొచ్చిందో వేరే ఖాతాలో రాస్తాయి. నసీబ్ ఒక పక్క, హునర్ ఒక పక్క. ఓడినా బాగా ఆడినోడు ఎవరో తెలుస్తుంది, గెలిచినా గాలివాటంగా గెలిచినోడు దొరికిపోతాడు.

కోర్టులో ‘మాది హునర్ ఆట’ అని దలీల్ ఇచ్చే కంపెనీల వకీల్ సాబ్‌లకు నా సవాల్ ఇదే. మీ యాప్‌లో ఆ రెండు ఖాతాలు ఎందుకు లేవు? పడిన పాసాల చిట్టా ఖిలాడీ చేతికి ఎందుకు ఇవ్వరు? ఎదుటివాడి రేటింగ్ ఎందుకు కనపడదు? కొన్ని యాప్‌లు ఆరు పడితేనే గోటీ బయటికి అనే షరతు తీసేసి, టైమర్ పెట్టి, చూడండి నసీబ్ తగ్గించాం అన్నాయి. తగ్గిందే అనుకుందాం. ఎంత తగ్గిందో అంకె ఏదీ?

అంకె మనమే వేద్దాం. ఇద్దరూ తలా యాభై పెడతారు, గెలిచినోడికి తొంభై, యాప్‌కి పది. ఇది ఉదాహరణకి పెట్టుకున్న కమీషన్. ఇక్కడ పైసా పోకుండా నిలబడాలంటేనే వందలో 55 కన్నా ఎక్కువ గెలవాలి. ఇప్పుడు నిజంగా హునర్ ఉన్నోడు, 52 శాతం గెలిచేవాడు ఉన్నాడనుకోండి. వంద బాజీల్లో వాడి హునర్ కనపడదు, అంత చిన్న తేడా నసీబ్ ఊగిసలాటలో కలిసిపోతుంది. కాస్త యఖీన్‌తో చెప్పాలంటే 2,500 బాజీలు కావాలి. బాజీకి పది నిమిషాలైతే ఎనిమిది గంటల షిఫ్టులు యాభై రెండు. అన్ని మస్టర్లు పూర్తిచేసి, బేటా నీకు హునర్ ఉంది అని స్టాటిస్టిక్స్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుకి వాడు ఎనిమిది వేల రూపాయల నుక్సాన్‌లో ఉంటాడు. వాడి చేతిలో ఓడినోళ్లందరిదీ కలిపి పదిహేడు వేలు. యాప్‌కి పాతిక వేలు. దానికి పాసాతో పనే లేదు.

మా భాంజా 204 గెలుపుల రహస్యం ఇదే. యాభై టేబుల్ దగ్గరే కూర్చున్నా, సగానికి పైగా గెలిచి కూడా, ఈ రేటున 1,640 పోయేది.

కాబట్టి హునరా నసీబా అనే బహసే తప్పుదారి. చారెడు హునర్ ఉన్న ఏ ఆటైనా వేల బాజీల్లో హునర్ ఆట అవుతుంది, ఒక్క బాజీలో నసీబ్ ఆట అవుతుంది. కోర్టుల్లో ‘హునర్ పాలు ఎక్కువ’ అనే మాట దశాబ్దాలుగా తిరుగుతోంది. ఎన్ని బాజీలకు ఎక్కువ అన్న ప్రశ్న లేకుండా ఆ మాటకు అర్థం లేదు.

ఈ బహస్ మన దగ్గర మొదలైంది సికింద్రాబాద్‌లో. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ ముఖద్దమాగా అది సుప్రీంకోర్టుకి ఎక్కింది. 1967 నవంబర్‌లో ఫైసలా రాసింది జస్టిస్ ఎం. హిదాయతుల్లా, తర్వాత దేశానికి మొదటి ముస్లిం చీఫ్ జస్టిస్ అయినాయన. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రమ్మీలో హునర్ పాలు ఎక్కువ అన్నాడు. ఈ సగం అందరికీ కంఠస్తం. రెండో సగం ఎవరూ ఎత్తరు. క్లబ్బు మాలిక్ ఆ ఆట మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం మెడకు చుట్టుకోవచ్చని కూడా అదే ఫైసలాలో ఉంది. అంటే ఆయన ఆట స్వభావం దగ్గరే ఆగలేదు, గల్లా పెట్టె కూడా చూడమన్నాడు. సత్యనారాయణ ఫైసలా పట్టుకుని వాదించే కంపెనీలు గల్లా పెట్టె పేజీ తిప్పేస్తాయి.

తెలంగాణ 2017లో గేమింగ్ చట్టం సవరించి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు హునర్ సాకు తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా హునరైనా నసీబైనా పైసల ఆట వద్దని చట్టం చేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి.

‘నీకేం, నీ మజ్హబ్‌లో జువా హరామ్, అందుకే ఈ లెక్కలు’ అంటాడు నా దోస్త్ ఒకడు. హరామే, దాచను. కానీ సూరె బఖరలో ఆ మాట వచ్చిన చోట చూడు భాయ్. జువాలో ఫాయిదా లేదని అనలేదు. జనానికి కొంత ఫాయిదా ఉందని ఒప్పుకుని, గునాహ్ దానికన్నా పెద్దదని తూకం వేసింది. అక్కడా హిసాబే. నేను వేసిందీ అదే తక్కెడ, పక్కన రూపాయలు పెట్టాను అంతే. పైసలు లేకుండా లూడో ఇప్పుడు పరిచినా కూర్చుంటాను, నాలుగు గోటీలూ నావే ముందు ఇంటికి చేరాలని కొట్లాడతాను.

మొన్న జుమా తర్వాత భాంజా ఫోన్ చేశాడు. “మామూ, కేసు గెలిస్తే యాప్ మళ్లా తెరుస్తరంట గద?” గొంతులో ఆశ. తెరిస్తే తెరవనీ, ముందు ఆ 400 బాజీల చిట్టా, ఏ బాజీకి ఎంత పెట్టావో అంతా నోట్‌బుక్‌లో రాసుకుని పెద్దపల్లికి రా అన్నాను. ఇంకా రాలేదు.