వదలమంటారు, సరే! ఎప్పుడు?

"అమ్మల్లారా! భయం వదలండి, ఫలాపేక్ష వదలండి" అని మొన్న ఖమ్మంలో ఒక పౌరాణికులవారు గంటన్నర సేపు సెలవిచ్చారు. ఎదురుగా కూర్చున్న వాళ్ళలో ముప్పాతిక మందిమి ఆడవాళ్ళమే. మగవాళ్ళు వెనక నిలబడి మిర్చి ధర మాట్లాడుకుంటున్నారు. వాళ్ళకి వదులుకోవలసిందేమీ లేదు కాబోలు! (తాంబూలంలో ఎంత పెట్టారా అని పౌరాణికులవారు ఓరకంట చూసుకోవడం నా కంట పడింది. పోనివ్వండి.)

ఆ ఉపదేశం అబద్ధమని నేననను. పని ఇంకా చేతిలో ఉండగానే చెయ్యి వదిలెయ్యమనడమే నాకు ఒళ్ళు మండే సంగతి. కూతురు పై చదువు చదువుతానంటే "మన చేతిలో ఏముందమ్మా" అంటారు. మొగుడు కొడుతున్నాడంటే "దేవుడి మీద భారం వెయ్యి తల్లీ" అంటారు. ఇదా వైరాగ్యం? నోరు మూయించడం!

ఆయన రామదాసుని ఉదాహరణ చెప్పారు. మన నేలకొండపల్లి కంచర్ల గోపన్నే. తానీషా కొలువులో పాల్వంచ పరగణాకి తహసీల్దారై, సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గాడని కథ. అంతా రాముడికి వదిలేశాడట! ఎక్కడ వదిలాడండీ? సీతమ్మ పతకం దగ్గర్నుంచి పేరుపేరునా నగల లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని రాముణ్ణే నిలదీశాడు. తిట్టినందుకు మళ్ళీ తనే నొచ్చుకున్నాడు. ఆయన్ని భక్తుడన్నారు. ఇంటి ఖర్చు లెక్క మనం అడిగితే గయ్యాళి అంటారు.

ఆయనకంటే ముందు దమ్మక్క ఉంది. భద్రిరెడ్డిపాలెం పేదరాలు. కలలో కనబడిన దేవుణ్ణి పుట్టలో వెతికి, గోదావరి నీళ్ళతో మట్టి కరిగించి, పైన తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని చెప్పుకుంటారు. దేవుడివేగా, నీ కప్పు నువ్వే వేసుకో అనలేదు. ముందు పందిరి వేసింది. పౌరాణికులవారు ఆవిడకి ఒక్క వాక్యం ఇచ్చారు.

భద్రాచలం ఇల్లాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా? గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరికకే బియ్యం డబ్బా అటకెక్కుతుంది, పిల్లల సర్టిఫికెట్లు సంచీలోకి వెళతాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన వాళ్ళని భయం వదలమంటే నవ్వరూ? ఆ భయమే కదా పిల్లల్ని మెరక మీదికి చేర్చింది! కానీ అక్కడికి చేరాక రాత్రంతా అడుగులు లెక్కపెడుతూ కూర్చుంటే ఏటికి అంగుళమైనా తగ్గుతుందా? అప్పుడు వదలాలి. ఇంత తిని పడుకోవాలి.

మనం తలకిందులుగా చేస్తాం. మా వీధిలో ఒకావిడ కొడుకు పరీక్ష రాసొచ్చాడు. కాగితం వాడి చెయ్యి దాటిపోయింది. ఈవిడకి మాత్రం తిండి లేదు, నిద్ర లేదు. ర్యాంకొస్తే భద్రాద్రిలో కల్యాణం చేయిస్తానని మొక్కింది.

"రాకపోతే?" అన్నాను.

"అట్లా అనకక్కా, అశుభం" అని చెవులు మూసుకుంది.

ఆ మాటల్లోనే, రొమ్ములో గడ్డలాంటిది చేతికి తగులుతోందనీ, ఆర్నెల్లయిందనీ చెప్పింది. డాక్టరుకి చూపించావా అంటే నవ్వింది. "ఏదైతే అదవుతుందిలే అక్కా. రాముడున్నాడుగా!"

చూశారా? చెయ్యవలసిందేమీ మిగలని చోట ప్రాణం పెట్టుకుని కూర్చుంది. చెయ్యవలసిందంతా ఉన్న చోట యోగినిలా వదిలేసింది! ఇన్నేళ్ళ పురాణ కాలక్షేపంలో దానికి అబ్బిన వైరాగ్యం ఇది. గంటన్నరలో ఒక్క నిమిషం "గడ్డ తగిలితే డాక్టరుకి చూపించుకోండమ్మా" అనడానికి ఆ పెద్దమనిషికి ఏమైంది?

దాన్ని తిట్టి, బతిమాలి, సోమవారం ఆస్పత్రికి తీసుకెళ్ళాను. సూది పెట్టి తీశారు. రిపోర్టు శుక్రవారం ఇస్తామన్నారు. బస్సులో వస్తూ, "ఏమొస్తుందంటావక్కా?" అని నా చెయ్యి పట్టుకుంది. నాకేం తెలుసు? మిర్యాలు వేసి చారు పెట్టాను, ఈ పూట మా ఇంట్లోనే తినిపొమ్మన్నాను.