మాట ఇచ్చిన పిల్లవాడు

పొట్టకూటికై పుట్టినచోటు విడిచిన మానవుని కథ క్రొత్తది కాదు. క్రొత్తది కానందువలననే దానిని చెప్పుట కష్టం. అట్టి కథను చెప్పబూనిన రచయితలు సాధారణంగా వలసపోయినవాని కన్నీటిని ఆశ్రయిస్తారు. చదువరి జాలిపడతాడు, పుస్తకం మూసి, జాలిపడినందుకు తన్ను తాను కొంత మెచ్చుకొని నిద్రపోతాడు. కన్నీటికి బదులు పద్దుల పుస్తకాన్ని ఎదుట తెరచిపెట్టే రచన అరుదు. బెల్జియం దేశీయులైన జాన్ పియేర్ దార్దెన్, లుక్ దార్దెన్ అనే సోదరులు 1996లో నిర్మించిన ‘లా ప్రొమెస్’ అనే ఫ్రెంచి చలనచిత్రం అట్టి అరుదైన రచన. ఆ పేరునకు ‘వాగ్దానం’ అని అర్థం. 2012లో అమెరికాలో క్రైటీరియన్ సంస్థ దీనిని డిస్కుల రూపంలో వెలువరించినది. చలనచిత్రోత్సవాలకు పోజాలనివారు సైతం ఇంట కూర్చుండి, కావలసినచోట ఆపి, ఆలోచించి, తిరిగి చూచుకొనే వీలు కలిగినది. ఇది అట్లు చూడవలసిన చిత్రమే.

కథారంగం సెరాన్ అనే పట్టణం; లియేజ్ నగరానికి ప్రక్కన, మ్యూజ్ నది ఒడ్డున ఉన్నది. 1817లో జాన్ కాకరిల్ అక్కడ ఇనుప కర్మాగారం నెలకొల్పినాడు. తరతరాలుగా బొగ్గు, ఉక్కు ఆ ప్రాంతానికి అన్నం పెట్టినవి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిదప గనులలోనికి దిగుటకు స్వదేశీయులు చాలలేదు. 1946లో బెల్జియం ఇటలీతో ఒడంబడిక చేసికొన్నది: ఇటలీ మనుష్యులను పంపవలె, బెల్జియం బొగ్గు అమ్మవలె. 1956 ఆగస్టు 8న మార్సినెల్ గనిలో అగ్నిప్రమాదం జరిగి 262 మంది మరణించినారు. వారిలో 136 మంది ఇటలీవారు. 1974లో బెల్జియం విదేశీ కూలీల రాకకు ద్వారం మూసినది. వీధి తలుపు మూసినంతమాత్రాన కూలివాని అవసరం తీరలేదు, దొడ్డితలుపు తెరచుకొన్నది. ఆ దొడ్డితలుపు కడ నిలిచి సుంకం వసూలు చేసేవాడే ఈ చిత్రంలోని రొజేర్.

రొజేర్ రాక్షసుడు కాడు. భయంకరమైన సంగతి అదే. దొంగత్రోవన వచ్చినవారికి అతడు గదులు అద్దెకిస్తాడు, కాగితాలు పుట్టిస్తాడు, వారిచేతనే తన ఇల్లు బాగుచేయించుకొంటాడు. అవసరం వచ్చిననాడు వారిలో కొందరిని పోలీసులకు అప్పగిస్తాడు. ఇదంతా కొడుకు కొరకే అని అతని నమ్మకం. ఆ కొడుకు ఇగోర్‌కు 15 ఏండ్లు. వ్యాపారంలో తండ్రికి కుడిభుజం వాడే.

ఒకనాడు కార్మికశాఖ తనిఖీదారులు వస్తున్నారన్న తొందరలో, బుర్కినా ఫాసోనుండి వచ్చిన హమిదూ అనే కూలి పరంజా మీదినుండి పడిపోయినాడు. ప్రాణం పోతున్నదని తోచిన ఆ మనిషి పిల్లవానిని కోరినది ఒక్కటే: ఆ మధ్యనే వచ్చిన తన భార్య అసితాను, పసిబిడ్డను చూచుకొమ్మని. ఇగోర్ మాట ఇచ్చినాడు. నెత్తురు ఆగుటకు బెల్టుతో కాలికి కట్టు కట్టినాడు. తండ్రి వచ్చి ఆ కట్టు విప్పివేసినాడు. ఆసుపత్రికి తీసికొనిపోతే ప్రశ్నలు పుడతాయి. హమిదూ మరణించినాడు. శవాన్ని పాతి పైన కాంక్రీటు పోసినారు. భర్త జూదపు అప్పులకు జడిసి పారిపోయినాడని అసితాకు చెప్పినారు.

ఉపాధ్యాయులు ఈ చిత్రంలో ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. ఇది ఒక పిల్లవాని చదువును గూర్చిన కథ. ఇగోర్‌కు ఇద్దరు గురువులు. ఒకరు మోటారు మరమ్మతుల దుకాణం యజమాని. అక్కడ వాడు పని నేర్చుకొంటున్నాడు. రెండవవాడు తండ్రి. తండ్రి పిలిచినప్పుడెల్ల పరుగెత్తుటవలన వాని మొదటి చదువు చెడిపోతుంది. రెండవ చదువులో మాత్రం వాడు మంచి విద్యార్థి. చిత్రారంభంలోనే ఒక వృద్ధురాలి డబ్బుసంచి కాజేసి మట్టిలో పూడ్చిపెడతాడు. మొదట సంచి, పిమ్మట మనిషి. పాఠం ఒకటే; వస్తువే పెద్దదైనది. పిల్లలు నీతిపద్యాలనుండి నేర్చుకొనేదానికంటె పెద్దల పద్దులనుండి నేర్చుకొనేదే ఎక్కువ అనే కఠిన సత్యాన్ని ఈ చిత్రం ఒక్క ఉపన్యాసమైనా లేకుండ చెప్పినది.

ఇంతవరకు చెప్పి ఊరకున్నచో ఇది మంచి చిత్రం మాత్రమే అయ్యేది. దీని గొప్పతనం తరువాతి మెట్టులో ఉన్నది. ఇగోర్ తన మాట నిలుపుకొనుటకు పాటుపడతాడు. తండ్రి అసితాను కొలోన్‌కు తరలించి వ్యభిచారంలోనికి అమ్మజూడగా, ఆమెను తీసికొని పారిపోతాడు. బిడ్డకు జబ్బుచేస్తే ఆసుపత్రికి తోడువెళతాడు. తండ్రి ఇచ్చిన ఉంగరాన్ని ఆమె ప్రయాణానికై అమ్ముతాడు. చివరకు తండ్రినే ఎదిరిస్తాడు. సాయాలన్నీ చేసినాడు, నిజం మాత్రం చెప్పలేదు. ఇచ్చట ప్రేక్షకుని మనస్సులో ఒక సందేహం మొలకెత్తుతుంది: ఇంత చేసినవాడు ఇంకను బాకీపడి ఉన్నాడా? చిత్రం నిర్దాక్షిణ్యంగా ఔననే అంటున్నది. నిజం దాచిపెట్టి చేసిన సాయం దయ కావచ్చును, ఋణవిమోచనం కాదు. భర్త బ్రతికి ఉన్నాడో లేడో తెలియక కోడి ప్రేగులలో శకునం చూచుకొంటున్న స్త్రీకి కావలసినది డబ్బు కాదు, వార్త.

తెలుగు విద్యార్థికి సత్యవాక్యమనగానే హరిశ్చంద్రుడు జ్ఞప్తికి వస్తాడు. ఆ రాజు మాట లోకమెరిగిన మాట. దానికి విశ్వామిత్రుడే సాక్షి, దేవతలే పరీక్షకులు. తుదకు రాజ్యం తిరిగి లభించినది. ఇగోర్ మాటకు సాక్షి లేడు. విన్న ఒక్క మనిషి కాంక్రీటు క్రింద ఉన్నాడు. నిలుపుకొంటే తండ్రి పోతాడు, ఇల్లు పోతుంది. తప్పితే అడిగేవాడు లేడు. అడిగేవాడు లేని మాటను నిలుపుకొనుటలో ఉన్న కష్టం హరిశ్చంద్రుని కష్టానికి తక్కువది కాదు.

ఇంత చీకటి కథను పిల్లలకు చూపవలెనా అని కొందరు పెద్దలు అడుగవచ్చును. వారి శంక త్రోసివేయదగినది కాదు. ఏ వయస్సువారికి చూపవలెనో విచారించుకొనుట అవసరమే. దుఃఖాన్ని ప్రదర్శించి కన్నీరు పిండే చిత్రాలు చీకటిని అలంకారంగా వాడుకొంటాయి. ఇందులో అట్టి అలంకారం లేదు. చలించే కెమేరా పిల్లవాని భుజాన్ని అంటిపెట్టుకొని పోతుంది. వాడు చూచినదే ప్రేక్షకుడు చూస్తాడు, వాడు దాచినదానిలో తానును పాలుపంచుకొంటాడు. ఇది నిరాశ నేర్పే చీకటి కాదు. చూపును నిశితం చేసే చీకటి.

తెలుగుదేశానికి ఈ కథ దూరమైనది కాదు. బయానా ఇచ్చిన మేస్త్రీల వెంట కళింగాంధ్ర తీరంనుండి ఓడలెక్కి రంగూను పోయిన కూలీలు, ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు జనం, ఎడారి దేశాలకు పోయిన కరీంనగరం, కడప జిల్లాలవారు హమిదూకు దాయాదులే. ఆ బంధుత్వం చెప్పుకొనుట సులభం. రెండవ బంధుత్వం చెప్పుకొనుటయే కష్టం. నేడు హైదరాబాదులో లేచే మేడలకు ఒడిశా, బీహారులనుండి వచ్చినవారు పరంజాలు ఎక్కుతున్నారు. వారి పేర్లు ఆ మేడలలో కాపురముండేవారిలో ఎందరికి తెలుసును? తెలుగు ప్రేక్షకుడు ఈ చిత్రాన్ని హమిదూ పక్షాన నిలిచి చూడగలడు. ఇగోర్ పక్షాన నిలిచి చూచిననాడే అది పూర్తిగా అర్థమవుతుంది.

చివరి దృశ్యం రైలు స్టేషనులో. అసితా మెట్లు ఎక్కుతున్నది. వెనుకనుండి ఇగోర్ నిజం చెప్పివేస్తాడు. ఆమె ఆగి, అతనివైపు తిరిగి చూచి, రైలు మాట మాని వెనుకకు నడుస్తుంది. ఇద్దరును సొరంగంలో నడచి దూరమవుతారు. క్షమాపణ లేదు, కౌగిలింత లేదు. తరువాత ఏమైనదో చెప్పలేదు. కథ ముగిసినది, లెక్క మాత్రం అప్పుడే మొదలైనది.

దీనిని పెద్ద తరగతులవారికి చూపగోరే ఉపాధ్యాయుడు ముందుగా ఉపన్యసించనక్కరలేదు. చిత్రం ముగిసిన పిదప విద్యార్థులను ఒక్క ప్రశ్న అడిగితే చాలును: ఈ బడిగోడలు కట్టినవారు ఎచ్చటివారు? సమాధానం రాకపోతే, మరునాటికి తెలిసికొని రమ్మనవచ్చును.