పోయి గిన్నె

కిందటి సంచికకి ఈ పేజీ అందించలేకపోయాను, మన్నించాలి. బ్యాంకు వారు దయతలచి ఇచ్చిన సెలవులో నేనూ మా ఆవిడా హొనొలులులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లివచ్చాం. సముద్రం గురించి రాయను. గోపాల్‌పూర్ చూసిన మన బరంపురం వాళ్లకి సముద్రం కొత్త కాదు. ఒక పూట భోజనం గురించి మాత్రం చెప్పాలి.

వెళ్లిన మూడోనాడే వాడు, "ఊళ్లో ఇల్లు అమ్మేద్దాం నాన్నా, ముందుముందు అందులో ఎవరుంటారు?" అన్నాడు. మా తాతగారు కట్టిన ఇల్లు. నేను గట్టిగానే కేకలేశాను. తరువాత రెండు రోజులు మా ఇద్దరి మాటలూ మా ఆవిడ ద్వారానే, చెక్కులు క్లియరింగుకి వెళ్లినట్టు వెళ్లివచ్చాయి.

ఆదివారం నాడు కోడలు అందరినీ ఒక చిన్న హవాయి హోటలుకి తీసుకువెళ్లింది. హంగులేమీ లేవు. కౌంటరు దగ్గర చెప్పి మనమే తెచ్చుకోవాలి. అక్కడ ప్లేట్ లంచ్ అంటే రెండు గుండ్రటి అన్నం ముద్దలు, చల్లటి మేకరోనీ సలాడ్, ఏదో ఒక మాంసం. చెరకు తోటల పనికి వచ్చిన జపాను, చైనా, ఫిలిప్పీన్స్, పోర్చుగీసు, కొరియా వాళ్లు మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని ఒకరిది ఒకరు రుచి చూడటంతో మొదలైన తిండి అంటారు. ఆ చెరకు తోటల్లో చివరిది 2016లో మూతపడింది, పళ్లెం నిలిచింది. డాల్మాలో ఆవకాయ నంజుకునే మనకి ఇందులో వింతేముంది?

మా ఆవిడకి కోడిమాంసం లావ్‌లావ్ తెచ్చారు. ఆకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికించినది. పై ఆకు తీసేసి లోపలి ఆకుతో సహా తినాలి. నోట్లో పెట్టుకోగానే, "ఇది మన చేమాకే!" అంది. పక్కన గిన్నెలో ఊదారంగు జావ. ఉడికిన చేమదుంపని నూరి, నీళ్లు కలిపి చేస్తారు. రెండు రోజులుంచితే పులుస్తుంది. పేరు పోయి. "ఎక్కడికి పోయి?" అని మా ఆవిడ ఒకటే నవ్వు. నాకు మొదటి ముద్ద ఉప్పులేని అంబలిలా తోచింది. ఉప్పుచేప, టమాటా, ఉల్లిపాయ కలిపిన లోమి సామన్ నంజుకుంటే రెండో ముద్ద బాగానే దిగింది.

అంతలో వాడు మళ్లీ ఇంటి మాట ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపు కోడలు, "మామయ్యగారూ, పోయి గిన్నె మూత తీసి ఉండగా పోట్లాడకూడదుట, ఇక్కడి ఆచారం," అంది. హవాయి వారి కథలో, పుడుతూనే పోయిన హాలోవ అనే బిడ్డని పాతిపెట్టిన చోట మొదటి చేమ మొలిచిందట. తరువాత పుట్టిన తమ్ముడికి అదే పేరు పెట్టారు. అతని సంతతే ఆ జనం. అంటే చేమ వాళ్లకి పెద్దన్న. పెద్దన్న ఎదుట గొంతు పెంచకూడదు కదా!

వాడు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఇష్టం లేకపోయినా గిన్నెలో మిగిలిన పోయి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిన్నాను.

కాసేపటికి వాడే అడిగాడు, "నూతి పక్కన చేమ ఇంకా ఉందా నాన్నా?"

"ఉంది. మీ నాయనమ్మ వేసిందే," అన్నాను.